కంటికి కనపడని రాడాన్: పిల్లల ఇళ్ళలో ఒక చిన్న పరీక్ష

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల సంగతి పెద్దలు ఇప్పటికే వివరించారు. నేను వేరొక విషయం మనవి చేస్తాను. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు. మనం వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వస్తున్నాం. అక్కడి శివారు కాలనీల్లో చాలా ఇళ్ళకు భూమట్టానికి కింద బేస్‌మెంట్ ఉంటుంది. విడిగా, ప్రశాంతంగా ఉంటుందని తరచు మనకు ఆ గదే ఇస్తారు. పెన్సిల్వేనియాలో మా అమ్మాయి ఇంట్లో మాకూ అదే ఇచ్చారు.

నేలలో, రాళ్ళలో స్వల్పంగా యురేనియం ఉంటుంది. అది క్రమంగా క్షీణించే క్రమంలో రాడాన్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పునాది పగుళ్ళ గుండా ఇంట్లోకి వస్తుంది. చలికాలంలో తలుపులు బిగించి హీటర్లు వేస్తే వేడిగాలి పైకి పోతూ, నేలలోని గాలిని లోపలికి లాగుతుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. అమెరికాలో ఏటా సుమారు 21,000 మంది ఈ కారణంగా చనిపోతున్నారని అక్కడి పర్యావరణ రక్షణ సంస్థ అంచనా. పొగతాగేవారికి ముప్పు మరీ ఎక్కువ.

ఇది బయటపడిన తీరు విచిత్రం. 1984 డిసెంబరులో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు వెళ్ళినప్పుడల్లా రేడియేషన్ అలారం మోగేది. చివరకు తేలిందేమంటే, రేడియేషన్ ఆయనకు అంటింది కేంద్రంలో కాదు, సొంత ఇంట్లో! లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే మరమ్మతు చేయించాలని ఆ సంస్థ సలహా. ఆయన ఇంట్లో సుమారు 2,700 ఉంది.

పరీక్ష చాలా తేలిక. బొగ్గుపొడి నింపిన చిన్న డబ్బా దుకాణాల్లో దొరుకుతుంది. పన్నెండు గంటల ముందు నుంచీ కిటికీలు, తలుపులు మూసి ఉంచాలి. మనుషులు మసలే కింది అంతస్తులో, నేలకు కనీసం 20 అంగుళాల ఎత్తున పెట్టాలి. వంటగది, స్నానాలగది పనికిరావు. గడువు రోజులు కాగానే మూతపెట్టి ప్రయోగశాలకు వెంటనే పంపాలి.

మా అమ్మాయి ఇంట్లో 4 దాటి వచ్చింది. మేము పై గదికి మారాము. గచ్చుకు రంధ్రం చేసి, గొట్టం అమర్చి, ఫ్యాను సాయంతో నేలలోని గాలిని ఇంటికప్పు పైకి వదిలే ఏర్పాటు చేయించారు. మళ్ళీ పరీక్షిస్తే 2 లోపుకి దిగింది.

అల్లుడి ఇంటికి వంక పెట్టినట్లవుతుందేమోనని మనకు మొహమాటం. నాలుగు నెలలుండి వచ్చే మనకంటే, ఆ బేస్‌మెంట్‌లోనే ఆడుకుంటూ ఏళ్ళ తరబడి పెరిగే మనవలకు ఇది ముఖ్యం. కనుక అడగండి.

మన గ్రానైటు నేలల్లోనూ యురేనియం కొంత ఉంటుంది. అయితే కిటికీలు తెరిచి ఉంచే ఇంట్లో రాడాన్ అంతగా పేరుకోదు. గాలి ఆడనివ్వడం మన పెద్దల అలవాటే. దాన్ని వదులుకోవద్దు.