కర్ణం కొలవని చేను
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

"కంప్యూటర్ల పని చేస్తున్నవు గదా, పిల్లలకు పనికొచ్చేది ఏదన్నా చెప్పు" అన్నారు మన సంఘం వాళ్లు. నేను చేసేది పటాల సాఫ్ట్‌వేర్ పని. దాని వెనకాల ఉన్న శాస్త్రం పేరు కంప్యూటేషనల్ జామెట్రీ. అంటే బిందువులు, గీతలు, బహుభుజులతో కంప్యూటర్ చేత లెక్కలు చేయించే విద్య. 1978లో మైకేల్ షేమోస్ యేల్ విశ్వవిద్యాలయంలో రాసిన సిద్ధాంత గ్రంథంతో దానికి ఆ పేరు స్థిరపడిందని చెబుతారు. పేరు కొత్తదే కానీ, దాని అవసరం మన చేన్ల గట్ల మీద ఎప్పటి నుంచో ఉంది. కాబట్టి చేను దగ్గరే మొదలుపెడతాను.

మనకు గుంట అంటే 33 అడుగుల గొలుసు పొడవు, అంతే వెడల్పు. అలాంటివి 40 అయితే ఎకరం. ఇప్పుడొక చేను ఉందనుకోండి. నాలుగు పక్కలా కొలిస్తే పక్కకు 10 గొలుసుల చొప్పున వచ్చింది. ఎంత భూమి? ఊళ్లో అయితే ఎదురెదురు పక్కలు కలిపి సగం చేసి, ఆ రెంటినీ గుణిస్తారు. పది పదులు వంద. వంద గుంటలు, అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఆ లెక్క మీదనే బయానా ఇస్తారు, కాగితం రాసుకుంటారు.

ఆ చేను నిజంగా చతురస్రమైతే ఈ లెక్క సరే. కానీ కాస్త ఒరిగి ఉంటే? మొదటి మూల దగ్గర నిలబడి తూర్పుకు 10 గొలుసులు పోతే రెండో మూల. అక్కడి నుంచి 6 గొలుసులు తూర్పుకూ 8 గొలుసులు ఉత్తరానికీ జరిగితే మూడో మూల. ఆరు, ఎనిమిది, పది. పైథాగరస్ లెక్క ప్రకారం ఆ పక్క కూడా 10 గొలుసులే. నాలుగు పక్కలూ పదేసి, కానీ ఎత్తు 8 మాత్రమే. అసలు భూమి 80 గుంటలు, సరిగ్గా రెండెకరాలు. మిగిలిన ఇరవై గుంటలు కాగితం మీదే ఉన్నాయి. కొన్నవాడు అర ఎకరానికి ఉత్తపుణ్యానికి డబ్బు కట్టాడు.

ఈ పద్ధతి మన ఊళ్ల వాళ్ల తెలివితక్కువతనం కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలోనే ఇది ఉంది. దాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. అయితే మహావీరుడు దీన్ని వ్యావహారిక ఫలం అన్నాడు, సూక్ష్మ ఫలం వేరే చెప్పాడు. పనికి సరిపడే లెక్క ఒకటి, ఖచ్చితమైన లెక్క ఇంకొకటి అని వెయ్యేళ్ల కిందటే విడదీశారు. మనం మొదటిది ఉంచుకుని రెండోది వదిలేశాం. ఇందులో ఒక సంగతి గమనించాలి. సగాల పద్ధతి ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది తప్ప తక్కువ చూపించదు. దీర్ఘచతురస్రానికి మాత్రమే సరిపోతుంది. కాబట్టి నష్టం ఎప్పుడూ కొనేవాడికే.

ఎందుకిలా? కోళ్లు వదులైన నులక మంచాన్ని ఒక పక్కకు నెట్టండి. పట్టెల పొడవులు మారవు, మంచం మాత్రం ఒరుగుతుంది. నాలుగు పక్కలు తెలిసినంత మాత్రాన ఆకారం తెలియదు. ఒక మూల నుంచి ఎదురు మూలకు, కర్ణం, కొలిస్తే మంచం బిగుసుకుంటుంది. అప్పుడది రెండు త్రిభుజాలు అవుతుంది, త్రిభుజం ఒరగదు. మన లెక్కల సారు బోర్డు మీద ఏ చతుర్భుజం గీసినా ముందు కర్ణం గీసేవారు, గుర్తుందా? మన పాత టిపాన్ కాగితాలు చూడండి. సర్వే చేసినవాడు చేను లోపల ఒక ఆధార రేఖ వేసి, దాని నుంచి మూలలకు లంబాలు కొలిచి రాసుకున్నాడు. చేనును త్రిభుజాలుగానూ ట్రెపీజియంలుగానూ కోశాడన్నమాట. దేశాన్ని కొలిచినవాళ్లు చేసిందీ త్రిభుజాల పనే. దక్షిణం నుంచి త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ వచ్చిన విలియం లాంబ్టన్, హైదరాబాద్ నుంచి నాగపూర్ పోతూ 1823 జనవరిలో హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ అవతల, నాగపూర్ రోడ్డు మీదనే ఆ ఊరు.

ఇక కంప్యూటర్ ఏం చేస్తుందో చూద్దాం. దానికి చేను కనపడదు, మూలల అంకెలే కనపడతాయి. మన చేను మూలలు (0,0), (10,0), (16,8), (6,8). వరుసగా ఒక్కో మూల తూర్పు విలువను తర్వాతి మూల ఉత్తర విలువతో గుణించు. అందులోంచి అడ్డంగా మరో లబ్ధం తీసెయ్, అంటే తర్వాతి మూల తూర్పు విలువను ఈ మూల ఉత్తర విలువతో గుణించగా వచ్చింది. మొదటి జతకు సున్నా. రెండో జతకు 80. మూడో జతకు 128లోంచి 48 పోగా 80. చివరిదానికి సున్నా. మొత్తం 160, సగం 80. గుణకారాల గీతలు బూటు లేసు కట్టినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి కాబట్టి దీన్ని షూలేస్ సూత్రం అంటారు. పిల్లలూ, పదో తరగతి నిరూపక జ్యామితిలో త్రిభుజ వైశాల్యానికి మీరు బట్టీ పట్టే సూత్రం ఇదే. నాలుగు మూలలున్నా నాలుగు వందల మూలలున్నా పనిచేస్తుంది.

ఆ లబ్ధాల తేడాలో ఇంకో విశేషం ఉంది. మూడు బిందువులు ఇస్తే, మొదటి దాని నుంచి రెండో దానికి నడిచి మూడో దాని వైపు తిరిగినప్పుడు ఎడమకు తిరిగామా కుడికి తిరిగామా అన్నది దాని గుర్తు చెబుతుంది. ధనం అయితే ఎడమ, రుణం అయితే కుడి. ఈ శాస్త్రంలో సగం పని ఈ ఒక్క ప్రశ్న మీదనే నడుస్తుంది. ఉదాహరణకు పలక మీద మేకులు కొట్టి చుట్టూ రబ్బరు బ్యాండు వేస్తే ఏ మేకులకు తగులుతుంది? 1960ల చివర బెల్ లేబొరేటరీస్‌లో పదివేల బిందువులకు ఇది కావాల్సి వచ్చింది. 1972లో రొనాల్డ్ గ్రాహం ఒక దారి చెప్పాడు. మేకులను కోణం వరుసలో పెట్టుకుని చుట్టూ నడువు, కుడికి తిరగాల్సి వచ్చిన చోట నడిమి మేకును వదిలెయ్. అంతే. కవ్వాల్ వంటి అడవిలో పులి కనపడిన చోట్ల చుట్టూ ఇలాంటి గీత గీసి, అది తిరిగే మేర ఇంత అని అంచనా వేస్తారు. రబ్బరు బ్యాండు కదా, పులి ఎన్నడూ అడుగు పెట్టని చెరువునూ ఊరినీ కూడా లోపల కలిపేసుకుంటుంది. వ్యావహారిక ఫలమే అది కూడా.

నాకు ఎక్కువ నిద్ర పట్టనివ్వని ప్రశ్న మాత్రం వేరే. ఈ బిందువు హద్దు లోపలా, బయటా? ఇల్లు ముంపు గీత లోపల ఉందా? మిడ్ మానేరు ముంపు ఊళ్లవాళ్లు ఈ సభలో ఉన్నారు, వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పోడు చేను అడవి గీతకు ఏ పక్కన ఉంది? అల్గారిథం చూస్తే చిన్నపిల్లల ఆట. ఉన్న చోటు నుంచి నేరుగా తూర్పుకు నడువు, ఎన్ని గట్లు దాటావో లెక్కపెట్టు. బేసి అయితే లోపల, సరి అయితే బయట. సరిగ్గా మూలరాయి మీదుగానే పోవాల్సి వస్తే? ఆ రాయి దగ్గర కలిసే రెండు గట్లనూ లెక్కపెట్టాలా, ఒకటే లెక్కపెట్టాలా? గట్టుకు కింది కొస అయితే లెక్కలోకి, పై కొస అయితే కాదు అని ఒక కట్టుబాటు పెట్టుకుంటారు. ఇది రాయని ప్రోగ్రాం వెయ్యి చేన్లకు సరిగ్గా చెప్పి ఒక చేనుకు తప్పు చెబుతుంది. ఆ ఒక్క చేను ఎవరిదో ప్రోగ్రాంకు తెలియదు.

2006 అటవీ హక్కుల చట్టం కింద హద్దుల చుట్టూ జీపీఎస్ పట్టుకుని నడిచి చేన్లు కొలిచారు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. చేతిలోని జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపించడం మామూలే. కొన్ని మీటర్లే కదా అనిపిస్తుంది. చతురస్రంగా ఉన్న ఎకరం చేను హద్దు నాలుగు వైపులా 3 మీటర్లు లోపలికి జరిగితే 7 గుంటలకు పైగా పోతుంది. అన్ని మూలలూ ఒకే దిక్కుకు జరిగితే ఇంకా చిత్రం. విస్తీర్ణం అంగుళం తగ్గదు, కాగితం మీద అంతా సరిగ్గానే ఉంటుంది. చేను మాత్రం పక్కవాడి మీదికో అడవిలోకో పోతుంది.

ఇంకో చిక్కు మన జిల్లాదే. భూమి గుండ్రం కాబట్టి పటం గీసేవాళ్లు దాన్ని 6 డిగ్రీల పట్టీలుగా కోస్తారు. 78 డిగ్రీల తూర్పు రేఖ దగ్గర 43వ పట్టీ అయిపోయి 44వది మొదలవుతుంది. ఆ రేఖ పాత ఆదిలాబాద్ జిల్లా పడమటి కొస గుండానే పోతుంది. బాసర, భైంసా 43లో, నిర్మల్, కరీంనగర్ 44లో. బాసరలో తూర్పు విలువ 8 లక్షల పైన ఉంటే, నిర్మల్‌లో 2 లక్షల పైన ఉంటుంది. పట్టీ సంఖ్య రాయకుండా రెండు పటాలు కలిపితే పక్క మండలాలు వందల కిలోమీటర్ల దూరం పోతాయి. కరీంనగర్‌లో ఉత్తర విలువ 20 లక్షల మీటర్లు దాటుతుంది. ఏడంకెలే గుర్తుంచుకునే పద్ధతిలో ఇంత పెద్ద అంకెలను గుణిస్తే చిన్న చేను విస్తీర్ణం ఆ గుణకారాల్లోనే కొట్టుకుపోతుంది. ముందు చేను ఒక మూలను సున్నాగా పెట్టుకుని తర్వాత లెక్క చేయాలి. మన పట్వారీల కాలం నాటి సర్వేయర్ చేసింది అదే. ఆయన గొలుసు చేను మూల దగ్గరే మొదలయ్యేది, భూమధ్యరేఖ దగ్గర కాదు.

కడెం సంగతి చెప్పి ముగిస్తాను. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు గేట్లు వదలగలిగిన దానికంటే ఎక్కువ వరద వచ్చింది, ఆ రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. కుంతాల మీదుగా దిగే ఆ వాగు పరివాహకంలో ఎంత వాన పడిందో లెక్కగట్టాలంటే, వానమాపకాలు ఉన్నవి కొన్నే. ఏ చోటికి ఏ మాపకం దగ్గరో చూసి పటాన్ని ముక్కలు చేసే పద్ధతిని 1911లో థీసెన్ చెప్పాడు. గణితంలో వొరొనోయ్ పటం అనేదీ అదే. గుట్ట మీద మాపకం లేకపోతే గుట్ట వాన కింది ఊరి మాపకం ఖాతాలో పడుతుంది. మంచి అల్గారిథం లేని మాపకాన్ని పుట్టించలేదు.

పిల్లలూ, దీనికి ఖరీదైన కంప్యూటర్ అక్కర్లేదు. గ్రాఫ్ కాగితం చాలు, తర్వాత క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. సార్లు ఒప్పుకుంటే భోజనాలయ్యాక మన మైదానం కొలుద్దాం. టేపు నా బ్యాగులో ఉంది. ముందు నాలుగు పక్కలు కొలిచి సగాల పద్ధతిలో ఒక లెక్క, తర్వాత కర్ణం కొలిచి ఇంకో లెక్క వేద్దాం. రెండూ బోర్డు మీద రాసి, బడి రికార్డులో ఎంతుందో హెడ్మాస్టర్ గారిని అడుగుదాం.