పిల్లోళ్ళ చేతికి ముందు పని కాదు, ఆలోచన కావాలి
(మద్దికెర దళితవాడలో మాట్లాడిన మాటలు)

 

మేము ఈరోజు ఒకే సంగతి మాట్లాడదలుచుకున్నాము. మన పిల్లోళ్ళు ఉద్యోగం గురించి, బతుకుదెరువు గురించి ఏ వయసులో ఆలోచన మొదలుపెట్టాలి? "పది పాసు కానీ, అప్పుడు చూస్తాంలే" అంటారు చాలామంది. ఈ మాట పట్నంలో ఉద్యోగస్తుల ఇండ్లలో చెల్లుతుంది. అక్కడ పిల్లోడు ఆలోచించకున్నా వాని బదులు తండ్రి ఆలోచిస్తాడు, మేనమామ ఆలోచిస్తాడు. మన వాడలో పిల్లోని గురించి అందరికంటే ముందు ఆలోచించేది ఎవరు? సుగ్గికి మనుషుల్ని పిలుచుకుపోయే మేస్త్రీ! పన్నెండేళ్ళు వస్తే అర కూలి, పదహైదేళ్ళు వస్తే నిండు కూలి. వాని లెక్క వానికి ఉంది. మన లెక్కే మనకు లేదు.

కులమంటేనే అది. పుట్టకముందే పని రాసిపెట్టడం. చెప్పు కుట్టేది ఎవరు, డప్పు కొట్టేది ఎవరు, చచ్చిన పశువును ఈడ్చేది ఎవరు, ఆసామి ఇంట్లో జీతముండేది ఎవరు? అన్నీ తల్లి కడుపులో ఉన్నప్పుడే తేలిపోయినాయి. మనిషి పని వాని శక్తిని బట్టి కాక తల్లిదండ్రుల పుట్టుకను బట్టి ఖాయం కావడమే కులం చేసే అన్యాయమని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో వాదించినాడు. అందుకే పదమూడేళ్ళ మాదిగ పిల్ల, మాల పిల్ల "నేను ఏమి కావాలి?" అని అడిగిందంటే అది చిన్న మాట కాదు. మనువు రాసిన రాతను చెరిపే మాట.

అయితే ఒకటి గట్టిగా చెప్తున్నాము. ఆలోచన వేరు, పని వేరు. ఆలోచన తొందరగా మొదలుకావాలి, పని ఆలస్యంగా మొదలుకావాలి. మనకు జరుగుతున్నది తలకిందులు. పని పన్నెండేళ్ళకే వస్తోంది, ఆలోచన ముప్పై ఏళ్ళకు వస్తోంది. 6 నుంచి 14 ఏళ్ళ వరకు చదువు హక్కు అని చట్టం 2010 నుంచి అమల్లో ఉంది. 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోరాదని, 18 ఏళ్ళలోపు వాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోరాదని 2016లో చట్టాన్ని సవరించినారు. కానీ బడి అయినాక, సెలవుల్లో ఇంటివాళ్ళకు సాయం చేయొచ్చని అందులోనే ఒక సందు పెట్టినారు. చేన్లో పిల్లోడు కనబడితే "అమ్మానాయనలకు సాయం వచ్చినాడు" అంటాడు మేస్త్రీ.

దసరా, దీపావళి దాటితే ఏమవుతుందో మీకు తెలుసు. మద్దికెర, ఆలూరు, ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు దిక్కు ఎన్నో ఇండ్లకు తాళాలు పడతాయి. పత్తి తీయను తెలంగాణకు, మిరపకాయలు కోయను గుంటూరు దిక్కుకు, కట్టడం పనులకు బెంగుళూరుకు పోతారు. చాలామంది తిరిగొచ్చేది ఉగాదికి. పదో తరగతి పరీక్షలు వచ్చేది మార్చిలో. పరీక్ష ఏడుంది, పిల్లోడు ఏడున్నాడు? మేము తల్లిదండ్రులను తిట్టడానికి రాలేదు. మెట్ట చేను, వాన లేదు, అడ్వాన్సు ముట్టింది. పోక తప్పదు. కానీ మీతోపాటు పిల్లోడు కూడా పోక తప్పదా? అదీ మా ప్రశ్న.

ఎందుకంటే తలుపులన్నీ వయసును బట్టే తెరుచుకుంటాయి. అంబేడ్కర్ గురుకులంలో అయిదో తరగతి సీటు కావాలంటే నాలుగులో ఉన్నప్పుడే దరఖాస్తు పెట్టి పరీక్ష రాయాలి. ఆ తలుపు దాటిపోయినోళ్ళకు ఎనిమిదో తరగతి ముఖ్యం. మా లెక్కన గట్టిగా ఆలోచన మొదలుపెట్టాల్సిన ఏడు అదే. ఎందుకు? లెక్కలు, ఇంగ్లీషు వెనకబడి ఉంటే సరిచేసుకోను పదికి ఇంకా రెండేళ్ళు చేతిలో ఉంటాయి. బడి రికార్డులో ఒక పుట్టినతేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ ఉంటే అప్పుడే దిద్దించుకోవచ్చు. పది సర్టిఫికెట్టు మీద అచ్చయినాక ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. కుల సర్టిఫికెట్టు కూడా అప్పుడే తీసిపెట్టుకోవాలి.

పది అయినాక ఇంటరు ఒక్కటే దారి కాదు. ఐటీఐ ఉంది. కొన్ని పనులకు ఎనిమిది పాసైనా అందులో సీటు ఇస్తారు. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్ ఉంది, మూడేళ్ళ డిప్లొమా. ఆ తర్వాత ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగు రెండో ఏడులో చేరొచ్చు. వ్యవసాయ పాలిటెక్నిక్ ఉంది, రెండేళ్ళు. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో పది మార్కుల మీదే సీటు, ఆరేళ్ళ చదువు. పది తప్పితే బతుకు తప్పినట్టు కాదు. సప్లిమెంటరీ ఉంది, ఓపెన్ స్కూల్ ఉంది. పది తర్వాతి చదువులకు ఎస్సీ పిల్లల స్కాలర్‌షిప్పు, బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో ఉన్న కాలంలో, 1944లో మొదలైంది. అది ఎవరి దయా కాదు.

మన మద్దికెర స్టేషను నుంచి రైలెక్కితే తర్వాత వచ్చేది గుంతకల్లు. రైల్వే డివిజను అది, ఇంజన్ల షెడ్లున్న ఊరు. మన పిల్లోళ్ళు ఆ రైలు ఎక్కేది కూలికి. ఆ రైలు నడిపే అసిస్టెంటు లోకో పైలట్ కావాలంటే 18 ఏళ్ళు నిండాలి, పదితోపాటు ఐటీఐ గానీ డిప్లొమా గానీ ఉండాలి. 18 ఏళ్ళు నిండినాక ఈ సంగతి తెలిస్తే ఏమి లాభం? పదమూడేళ్ళకే తెలియాలి. సర్కారు ఉద్యోగాలు తగ్గిపోతున్నాయి, కాంట్రాక్టు పెరిగిపోతోంది, నిజమే. ఖాళీలు నింపమని కొట్లాడదాం. కానీ చేతిలో సర్టిఫికెట్టు, పనితనం లేకుండా కొట్లాడితే గెలిచిన సీటులో ఇంకొకడు కూర్చుంటాడు.

ఆడపిల్లల సంగతి ఇంకా ఘోరం. "పది అయింది, సంబంధం వచ్చింది" అంటాం. 18 నిండకుండా పెండ్లి చేయడం నేరమని 2006 చట్టం. కస్తూర్బా బడులు 2004 పథకం కింద వచ్చినవి. అందులో చేర్పిద్దాం. పెండ్లి అనేది పనికి బదులు కాదమ్మా. పెండ్లయినాక కూడా సుగ్గి మూట నెత్తికెత్తుకునేది ఆ పిల్లే.

ఇక చేయాల్సిన పని. దసరాకు ముందే వాడలో ఇల్లిల్లూ తిరగండి. నాలుగు, ఎనిమిది, పది చదివే పిల్లోళ్ళ పేర్లు రాసుకోండి. ఏ ఇల్లు సుగ్గికి పోతుందో కనుక్కోండి. ఆ పిల్లోళ్ళను అవ్వ దగ్గర ఉంచే వీలుందా, పక్కింట్లో ఉంచే వీలుందా చూడండి. సీజనల్ హాస్టలు బండ్లు కదలకముందే తెరవమని పదిమంది కలిసి మండలాఫీసులో అర్జీ ఇవ్వండి. బండ్లు పోయినాక తెరిస్తే అందులో ఉండేది ఎవరు? చదువుకొని ఉద్యోగం చేస్తున్న మనోళ్ళు పండక్కి ఊరికి వస్తే కొత్త బట్టలు చూపించి పోవద్దు. ఒక పూట కూర్చొని, ఏ పరీక్ష రాసినారో, ఫీజు ఎంతో, ఎట్ల చదివినారో పిల్లోళ్ళకు చెప్పాలి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈ రాత్రి ఇంటికి పోయి మూడు సంగతులు రాసుకోండి. నాకు ఏ పని ఇష్టం? దానికి ఏ చదువు కావాలి? ఆ చదువుకు ఏ వయసులో, ఏ నెలలో దరఖాస్తు? తెలియకపోతే సారును అడగండి, మమ్మల్ని అడగండి. అడగడానికి సిగ్గుపడొద్దు. మీరు అడగకపోతే మేస్త్రీ చెప్తాడు మీ పని ఏమిటో.

జై భీమ్!