రంగా గారి ఢిల్లీ, మన చెరువు గట్టు
(ధవళేశ్వరం రైతు సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆనకట్ట పక్కన కూర్చుని విదేశాంగ విధానం మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. సుంకం వేసింది వాషింగ్టన్‌లో. గుండె ఆగినంత పనైంది మన రొయ్యల రైతుకి.

ఈ సంబంధాన్ని మనకంటే ముందే గుర్తించినవారు ఆచార్య ఎన్.జి. రంగా గారు. 1900లో నిడుబ్రోలులో రైతు ఇంట పుట్టారు. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివారు. 1930లో కేంద్ర శాసనసభకు వెళ్లారు. మధ్యలో ఓడిన ఎన్నికలున్నా, 1991లో గుంటూరు ఎంపీగానే విరమించారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా గారు ప్రధాన కార్యదర్శి. 1946లో కోపెన్‌హాగెన్‌లో ఆహార, వ్యవసాయ సంస్థ సమావేశానికి, 1948లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశానికి మన దేశ ప్రతినిధిగా వెళ్లారు. రైతు మాట అక్కడ కూడా వినపడాలన్నదే ఆయన పట్టుదల.

ఆయన అన్నదంతా మేము ఒప్పుకోం. 1959లో నాగపూర్ తీర్మానంలోని ఉమ్మడి సహకార సేద్యాన్ని కాదని కాంగ్రెసు వదిలి, స్వతంత్ర పార్టీకి అధ్యక్షులయ్యారు. ఆ పార్టీ భూపరిమితినీ వ్యతిరేకించింది. సెంటు భూమి లేని కౌలు రైతుకి అది మింగుడుపడే మాట కాదు. కానీ ఆయన చూపు మాత్రం మనం వదులుకోకూడదు.

ఆయన 1995 జూన్‌లో కన్నుమూశారు. అదే ఏడాది జనవరిలో ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలైంది. మన మద్దతు ధరకీ, 1986-88 నాటి అంతర్జాతీయ ధరకీ ఉన్న తేడాను అక్కడ సబ్సిడీగా లెక్కగడతారు. అది పంట విలువలో 10 శాతం దాటకూడదంటారు. 2013లో బాలిలో దొరికింది తాత్కాలిక ఊరటే. అంటే మన ధాన్యం కొనుగోలు కేంద్రం మీద జెనీవా కన్ను ఉన్నట్టే.

ఇంకో సంగతి. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది. విదేశీ ఒప్పందం మాత్రం కేంద్రం చేస్తుంది. దానికి పార్లమెంటు ఆమోదం తప్పనిసరని మన రాజ్యాంగంలో లేదు. ఎంపీ నోరు విప్పి అడగకపోతే, సంతకం అయ్యాకే మనకు తెలుస్తుంది.

ఎంపీ వస్తే మనం రోడ్డు అడుగుతున్నాం, కాలువ పూడిక తీయమంటున్నాం. అడగాల్సిందే. వాటితో పాటు ఇదీ అడుగుదాం: “అయ్యా, ఆ ఒప్పందంలో మా వరికీ, పాలకీ, రొయ్యకీ ఏం రాశారు? సంతకానికి ముందు సభలో చర్చ పెట్టమని మీరు అడిగారా?”

జవాబు చెప్పేదాకా అడుగుతూనే ఉందాం.