అడ్డపొగ నుంచి అర్థం చేసుకుందాం: క్యాన్సర్ ఎలా మొదలవుతుంది?

పోయిన వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు, "బ్రో, క్యాన్సర్ సడన్‌గా ఎలా వచ్చేస్తుంది?" అని. సడన్‌గా రాదు. అదే చెప్తా.

మాది శ్రీకాకుళం వైపు. మా అమ్మమ్మ చుట్ట తాగేది, అదీ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. దాన్నే అడ్డపొగ అంటారు. గాలికి ఆరిపోదు, బూడిద రాలదు అనేది. చిన్నప్పుడు మాకది మ్యాజిక్‌లా ఉండేది. మామూలుగా పొగ తాగేవాళ్లలో అంగిలి క్యాన్సర్ అరుదు. అడ్డపొగ ఉన్న ఊళ్లలో మాత్రం డాక్టర్లకి అదే ఎక్కువ కనిపించింది. సెగ ఎక్కడ తగిలితే అక్కడే!

ఎందుకంటే, నోటి లోపలి పొర ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తుంటుంది. కొత్త సెల్ రావాలంటే పాత సెల్ తన డీఎన్ఏ మొత్తం కాపీ చేయాలి. ఒక్కో సెట్ దాదాపు 300 కోట్ల అక్షరాలు, అలాంటివి 2 సెట్లు. తప్పులు పడతాయి, చాలావరకు సెల్లే సరిచేసుకుంటుంది. కానీ రోజూ కాలుతుంటే సెల్స్ చచ్చిపోతాయి, ఆ ఖాళీ నింపడానికి మిగతావి మళ్లీ మళ్లీ కాపీ అవ్వాలి. దానికి తోడు పొగలో ఉండే బెంజోపైరీన్ మన ఒంట్లోకి వెళ్లాక రూపం మారి, డీఎన్ఏలో జి అనే అక్షరానికి అతుక్కుంటుంది. అది కాపీ అయ్యేటప్పుడు జి ఉండాల్సిన చోట టి పడిపోవచ్చు.

ఒక్క తప్పుతో క్యాన్సర్ రాదు. పీ53 అని ఒక జీన్ ఉంది. డీఎన్ఏ దెబ్బతింటే సెల్‌ని ఆపుతుంది, బాగవ్వకపోతే చంపేస్తుంది. నేను జాబ్ చేసినప్పుడు బగ్ ఉన్న కోడ్‌ని అస్సలు రిలీజ్ కానివ్వని టెస్టింగ్ మేడమ్ ఉండేవారు, అలాంటిదన్నమాట. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ జీనే చెడిపోయి ఉంటుంది. కాకపోతే కోడ్‌కీ దీనికీ ఒక తేడా. బగ్ ఉన్న కోడ్ క్రాష్ అవుతుంది. ఈ తప్పున్న సెల్ మాత్రం పక్కవాటికంటే బాగా బతికి, ఎక్కువ పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లల్లో ఇంకో తప్పు, వాటి పిల్లల్లో మరొకటి. ఇలా ఏళ్లు గడుస్తాయి.

ఈ మధ్యలో బయటికి కనిపించేది ఒక తెల్ల మచ్చ, అంతే. అన్ని మచ్చలూ క్యాన్సర్ అవ్వవు. కానీ ఆ సెల్స్ పొర కింద గోడ దాటి లోపలికి దిగాయంటే క్యాన్సరే. తర్వాత మెడలో గడ్డలు.

అమ్మమ్మకి ఆ మచ్చ ఏళ్ల తరబడి ఉందట. నొప్పి లేదు కదా అని ఎవరూ పట్టించుకోలేదు. మెడలో గడ్డ వచ్చాకే హాస్పిటల్‌కి తీసుకెళ్లాం.

ఇప్పుడు మన బ్యాచ్‌లో చుట్ట లేదు, గుట్కా ఉంది. "నాది పొగాకు లేని పాన్ మసాలా బ్రో" అంటారా? అందులో వక్క ఉంటుంది. వక్క ఒక్కటే చాలు క్యాన్సర్ రావడానికి.

ఈ వీడియో ఆపి అద్దం ముందుకి వెళ్లండి. ఫ్లాష్ వేసి అంగిలి, బుగ్గల లోపల, నాలుక కింద చూసుకోండి. తెల్ల మచ్చో ఎర్ర మచ్చో ఉన్నా, రెండు వారాలైనా పుండు మానకపోయినా, నోట్లో నిలువుగా మూడు వేళ్లు పట్టకపోయినా డెంటల్ డాక్టర్‌కి చూపించండి. బయాప్సీ చేస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం గురించి నెక్స్ట్ వీడియోలో మాట్లాడుకుందాం.