హెచ్చరికకు సమాధానము
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



ఈ సంవత్సరము మన పాఠశాలలో పై తరగతుల విద్యార్థులు పైథాన్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసిరి. అది తరగతివారీగా హాజరును, మార్కులను కూడి పట్టిక కట్టును. దానిని పైలింట్ అను సాధనముచేత పరీక్షింపగా తెరనిండ హెచ్చరికలు కానవచ్చెను. “మా పిల్లల పనిలో ఇన్ని తప్పులా?” అని కొందరు తల్లిదండ్రులు నన్ను అడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానముగా కొన్ని మాటలు మనవి చేసెదను.

ప్రోగ్రామును నడుపకయే దాని పాఠమును పంక్తి పంక్తిగా చదివి, అనుమానింపదగిన చోట్లను చూపెడి సాధనములు కలవు. 1978లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో స్టీఫెన్ జాన్సన్ అను ఆయన సి భాషకై వ్రాసిన ‘లింట్’ వీనిలో ప్రసిద్ధమైనది. లింట్ అనగా బట్టకు అంటుకొనియుండు నూలుపీచు. బట్ట చిరుగలేదు, కాని దులుపవలసినది కలదని ఆ పేరునకు తాత్పర్యము. పైథాన్ వంటి స్క్రిప్టు భాషలలో పెక్కు లోపములు ఆ పంక్తి నడుచువరకు బయటపడవు. కావున ముందుగా చదివి చెప్పెడి సాధనము మరింత అవసరము.

హెచ్చరికను తీర్పుగా భావింపరాదు. “నీవు ఉద్దేశించినది ఇదియేనా?” అని అడిగెడి ప్రశ్నగా దానిని గ్రహింపవలెను. మన పిల్లల పనినుండియే మూడు ఉదాహరణములు చెప్పెదను.

ఒక బాలిక ప్రాజెక్టు మార్కులను లెక్కించి ఒక పేరున ఉంచెను. “ఈ పేరు ఎచ్చటను ఉపయోగింపబడలేదు” అని హెచ్చరిక వచ్చెను. ఆమె ఆ పంక్తిని కొట్టివేయగా హెచ్చరిక మాయమయ్యెను. కాని లెక్క మాత్రము సరికాలేదు. ఏలయనగా ఆ మార్కులను మొత్తములో కలుపుట మరచుటయే అసలు లోపము. పంక్తిని మరల వ్రాసి, ఆ పేరును మొత్తములో చేర్చినపుడు హెచ్చరికయు పోయెను, లెక్కయు సరిపడెను. రెండు మార్గములలోను తెర శుభ్రమే అయ్యెను. రెండవ మార్గమున మాత్రమే పిల్లలకు రావలసిన మార్కులు వచ్చెను.

రెండవది గైర్హాజరు పట్టిక. పేర్లను చేర్చెడి ఫంక్షనుకు, ఏ పట్టికయు ఇయ్యనిచో వాడుకొనుటకని, ఒక బాలుడు ఒక ఖాళీ పట్టికను దాని నిర్వచనములోనే వ్రాసెను. పైథాన్‌లో అట్టి పట్టిక ఫంక్షనును నిర్వచించునపుడు ఒక్కమారే పుట్టును. పిలిచినప్పుడెల్ల క్రొత్తది పుట్టదు. అందుచేత ఆరవ తరగతి పేర్లు ఏడవ తరగతి పట్టికలోనికి చేరెను. ఒక్క తరగతితో పరీక్షించి చూచిన వానికి ఈ లోపము కానరాదు. పైలింట్ మాత్రము దానిని అపాయకరమని ముందే చెప్పినది. నిర్వచనములో ‘ఏమియు లేదు’ అను అర్థమిచ్చు నన్ అను విలువ నుంచి, లోపల ప్రతిమారు క్రొత్త పట్టికను కల్పించుటయే దీనికి పరిహారము.

మూడవది ఇంకను సూక్ష్మమైనది. “ఏ దోషము వచ్చినను ఊరకుండి ముందునకు సాగుము” అని ఒక విద్యార్థి వ్రాసెను. మార్కులలో సున్నకు బదులు ఇంగ్లీషు ఓ అక్షరము పడినచో, ఆ అంకె లెక్కలోనికి రాదు. రాలేదని ఎవరికిని తెలియదు. ఏ దోషమును ఎదురుచూచుచున్నారో దానిని మాత్రమే పట్టి, ఏ విద్యార్థి పేరున ఏ పంక్తిలో వచ్చినదో తెరపై చూపవలెనని ఉపాధ్యాయులు దిద్దించిరి.

హెచ్చరికలన్నియు ఇట్టి గంభీరములని చెప్పను. పంక్తి పొడవైనదని, వివరణము వ్రాయలేదని చెప్పునవియు కలవు. అవి మన చేతివ్రాత పుస్తకములలో అంచు విడుచుట వంటి క్రమశిక్షణ విషయములు. సాధనము పొరబడు సందర్భములును ఉండును. అప్పుడు ఆ ఒక్క హెచ్చరికను ఆ ఒక్క పంక్తిలో నిలిపివేసి, ప్రక్కనే కారణము వ్రాయవలెను. ఫైలు మొత్తమునకు నోరు కట్టుట తగదు.

అర్థము పూర్తిగా తెలియక హెచ్చరికను పోగొట్టిన ఫలమెట్టిదో లోకము ఒకమారు చూచినది. 2006లో డెబియన్ అను లినక్స్ వ్యవస్థలో, రహస్య తాళపుచెవులను కల్పించు ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను సాధనమునుండి కొన్ని పంక్తులు తొలగింపబడెను. ప్రోగ్రామును నడిపించి పరీక్షించు వాల్‌గ్రైండ్ వంటి సాధనముల హెచ్చరిక పోవుటయే ఆ తొలగింపుయొక్క ఉద్దేశము. హెచ్చరిక పోయెను, దానితోపాటు తాళపుచెవులకు ఊహింపరానితనమును ఇచ్చెడి ఆధారమును పోయెను. ఒక్కొక్క రకమునకు, పరిమాణమునకు కొన్ని వేల తాళపుచెవులు మాత్రమే మిగిలెను. కంప్యూటరుకు వానినన్నిటిని ప్రయత్నించి చూచుట సులభము. 2008 మే నెలలో ఇది వెల్లడి కాగా, లోకమంతట ఆ చెవులను విడిచి క్రొత్తవి చేసికొనవలసి వచ్చెను.

కావున మన పాఠశాలలో హెచ్చరికల సంఖ్య తగ్గినదని మార్కులు వేయుట లేదు. ప్రతి విద్యార్థియు నోటు పుస్తకములో మూడు గడులు గీచి, హెచ్చరిక ఏమి చెప్పినది, అది ఏల వచ్చినది, తాను ఏమి మార్చినది తెలుగున వ్రాయవలెను. హెచ్చరికలు ఇంగ్లీషులో వచ్చును. మన బిడ్డలు వీధిలో తమిళము, ఇంట తెలుగు మాటలాడువారు. తెరపై మాటను చూచి వ్రాసికొనుట అర్థము చేసికొనుట కాదు. తన భాషలో కారణము చెప్పగలిగిననాడు విషయము బిడ్డకు దక్కినట్లు.

మీలో కంప్యూటరు ముట్టనివారును కలరు. దానికి సంకోచింపవలదు. “ఎన్ని తగ్గినవి?” అని అడుగక, “అది ఏమి చెప్పినది? నీవేమి చేసితివి?” అని ఇంట అడుగుడు. బిడ్డ తడబడినచో కోపగింపక, మరునాడు ఉపాధ్యాయుని అడిగి రమ్మని పంపుడు. ఆ గదిలో మా ఉపాధ్యాయులు సాయంకాలము అయిదు గంటల వరకు ఉందురు.