కాలువలోంచి వెళ్లే వైద్యం

 ఈ రోజు పాలకొల్లులో పట్టాలు అందుకుంటున్న పిల్లల్లో ఎక్కువమంది నర్సులు, ఎక్స్‌రే, స్కానింగ్ టెక్నీషియన్లు. పిల్లల మెదడులో ఉబ్బిన రక్తనాళానికి పుర్రె తెరవకుండా చేసే చికిత్స గురించి మాట్లాడాలనుకున్నది అందుకే. ఆ పనిలో పేరు డాక్టరుకు వస్తుంది కానీ, సగం భారం మోసేది ఈ వరసల్లో కూర్చున్న వాళ్లే.

ఎన్యూరిజం అంటే ఏమిటో డెల్టాలో పుట్టినవాళ్లకు చెప్పడం తేలిక. కాలువ రెండుగా చీలేచోట నీళ్లు గట్టును కొడుతూనే ఉంటాయి. మట్టి మెత్తబడితే గట్టు జారుతుంది, ఒకనాటి రాత్రి గండి పడుతుంది. మెదడు అడుగున ధమనులు చీలే మొనల దగ్గరా అంతే. నాళం గోడ పలచబడి బుడగలా ఉబ్బుతుంది, చిట్లితే మెదడు చుట్టూ నెత్తురు చిమ్ముతుంది. పిల్లల్లో ఇది అరుదు. మొత్తం ఎన్యూరిజం కేసుల్లో పిల్లలవి నూటికి 5 కూడా ఉండవు. అయితే వాళ్లకు వచ్చే తీరు వేరు. కొందరికి పుట్టుకతోనే గోడ బలహీనం. కొందరికి తలకు తగిలిన దెబ్బ కారణం. ఇంకొందరికి గుండె కవాటానికి పట్టిన ఇన్ఫెక్షన్ తునక నెత్తుటిలో కొట్టుకొచ్చి మెదడు నాళంలో ఇరుక్కుంటుంది. పిల్లల్లో ఈ బుడగలు బాగా పెద్దవిగా ఉండడం పెద్దవాళ్లలో కన్నా ఎక్కువ.

1937 మార్చి 23న అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో వాల్టర్ డాండీ అనే సర్జను పుర్రె తెరిచి, బుడగ మెడకు వెండి క్లిప్పు బిగించాడు. గండిని గట్టు మీద నుంచి పూడ్చడం లాంటిదది. కాలువలోంచే వెళ్లి పూడ్చవచ్చన్న ఆలోచన తర్వాత వచ్చింది. మాస్కోలో మేడే పండుగనాడు పిల్లలు దారాలు పట్టుకుని బెలూన్లు తిప్పుతుంటే సెర్బినెంకో అనే సర్జనుకు అది తట్టిందని చెబుతారు. నాళంలోంచి చిన్న బెలూను పంపి వదిలేసే పద్ధతిని ఆయన 1974లో ప్రపంచానికి వివరించాడు. 1990 మార్చిలో ఇటలీకి చెందిన డాక్టర్ గుగ్లియెల్మి, లాస్ ఏంజెలిస్‌లో ప్లాటినం తీగచుట్టతో మొదటి రోగికి చికిత్స చేశాడు.

ఈ చికిత్స చేసే గదిలో జరిగేది దగ్గర నుంచి చూడాలి. పిల్లకు మత్తిచ్చి, గజ్జ దగ్గర ధమనిలో సూది గుచ్చుతారు. సన్నని గొట్టం పొట్ట, ఛాతీ, మెడ దాటి పైకి పోతుంది. అందులోంచి ఇంకా సన్నని గొట్టం బుడగ నోటి దాకా వెళ్తుంది. వెంట్రుక కన్నా సన్నని ప్లాటినం పోగుతో చుట్టిన తీగ లోపలికి జారి, ఉండలా చుట్టుకుంటుంది. సరిగ్గా కూర్చోకపోతే వెనక్కి లాగవచ్చు. కూర్చుందంటే, చిన్న కరెంటు పంపగానే అతుకు కరిగి తీగ అక్కడే నిలిచిపోతుంది. దాని చుట్టూ నెత్తురు గడ్డకడితే బుడగలోకి ప్రవాహం ఆగుతుంది.

పిల్లల్లో ఇదంతా మిల్లీలీటర్ల లెక్క. మూడు కిలోల పసికందు ఒంట్లో ఉండే మొత్తం నెత్తురు పావు లీటరుకు కాస్త అటూ ఇటూ, అంతే. గొట్టం కడగడానికి ఎక్కించే సెలైను కూడా చుక్క చుక్కా రాసుకోవాల్సిందే. నాళాలు ఎక్స్‌రేలో కనబడడానికి ఎక్కించే రంగు మందుకు, నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌కు బరువును బట్టి హద్దు ఉంది. సిరంజీలు లెక్కపెట్టి, ఇక చాలని చెప్పాల్సింది నర్సు. ఎక్స్‌రే మోతాదు తగ్గించి, అక్కర్లేని బొమ్మ తీయకుండా చూడాల్సింది టెక్నీషియను.

ఈ విద్య ఎక్కడిదాకా పోయిందంటే, 2023 మార్చిలో బోస్టన్ వైద్యులు తల్లి కడుపులోని బిడ్డకే చేశారు. ఆ బిడ్డది గేలెన్ సిర జబ్బు. ధమనుల నెత్తురు నేరుగా మెదడు నడిమి సిరలోకి దూకి, సిర ఉబ్బిపోతుంది, పుట్టగానే గుండె అలసిపోతుంది. అల్ట్రాసౌండ్ చూస్తూ 34 వారాల గర్భంలోకి సూది పంపి, ఆ సిరను తీగచుట్టలతో నింపారు.

మురిసిపోయి ఊరుకుంటే మాత్రం సగం చెప్పినట్టే. 2002లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన పరీక్షలో, బుడగ చిట్లిన 2143 మందిని రెండు పద్ధతులకు పంచి చూశారు. ఏడాది తర్వాత చనిపోయినవాళ్లు, ఒకరి మీద ఆధారపడి బతుకుతున్నవాళ్లు కలిపి తీగచుట్ట పద్ధతిలో నూటికి 23.7, తల తెరిచిన పద్ధతిలో 30.6. అది పెద్దవాళ్ల లెక్క. పిల్లల ముందు అరవై, డెబ్బై ఏళ్ల బతుకుంది. చుట్ట నలిగి బుడగ మళ్లీ నిండవచ్చు, కాబట్టి ఏళ్ల తరబడి స్కాన్లు తప్పవు. కొన్ని బుడగలకు క్లిప్పే మేలు. మెడలేని బుడగలకు ఇప్పుడు జల్లెడలాంటి స్టెంటు పెడుతున్నారు. ఒక రకంలో 48 లోహపు పోగులు అల్లి ఉంటాయి, నరసాపురం లేసు అల్లికలు చూసిన కంటికి ఆ పనితనం వెంటనే తెలుస్తుంది. అది పెట్టాక నెత్తురు పలచబరిచే రెండు మందులు నెలల తరబడి వాడాలి. సైకిలు మీంచి పడి మోకాలు చీరుకునే వయసు పిల్లవాడికి ఆ మందులిస్తున్నామని తల్లికి కూర్చోబెట్టి చెప్పాలి.

ఇన్ని హంగులున్నా, పిల్ల ఆ గదికి చేరేదాకా అవి ఉత్తవే. ఆడుకుంటున్న పిల్ల ఉన్నట్టుండి తల పట్టుకుని కూలబడి, భళ్లున వాంతి చేసుకుంటుంది. మెడ బిగుస్తుంది, ఒక కనురెప్ప వాలిపోతుంది, ఫిట్స్ వస్తాయి. ఇంట్లో ఎండదెబ్బ అంటారు, దిష్టి తీస్తారు. చిట్లిన బుడగ మళ్లీ చిట్లే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. అప్పుడు ఎదురుగా ఉన్న నర్సు "అమ్మా, ఇది మామూలు తలనొప్పి కాదు, ఇప్పుడే తలకు సీటీ తీయించాలి" అని గట్టిగా చెప్పి, 108 పిలిపించి, పెద్దాసుపత్రికి ముందే ఫోను చేస్తే ఆ పూట పోదు.

ఇంకొకటి ఈ ఊరి ఆసుపత్రిలోనే చేయగలిగిన పని. గొంతునొప్పితో మొదలై కీళ్లవాపు జ్వరంగా మారి గుండె కవాటాన్ని పాడుచేసే జబ్బు మన పల్లెల్లో ఇంకా ఉంది. పాడైన కవాటానికే ఇన్ఫెక్షన్ ఎక్కువగా పడుతుంది, ఆ తునకే మెదడుకు పోతుంది. ఆ జ్వరం ఒకసారి వచ్చిన పిల్లలకు 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజక్షను ఏళ్ల తరబడి పడాలి. నొప్పని పిల్ల ఏడుస్తుంది, నాట్ల రోజుల్లో తల్లికి కూలిపని వదులుకుని రావడం కుదరదు. రేపు వార్డులో చేరాక ఆ రిజిస్టరు చేతికొస్తుంది. 22వ రోజు ఒక పేరు పక్కన గడి ఖాళీగా కనిపిస్తే, ఆ సాయంత్రమే ఆ ఇంటికి ఫోను చేయండి.