ఊరికే అందినవాటిలో గొప్పవి



ఈనాటి మన పాఠ్యాంశం ఒక చిన్న మాట. ఆ మాట 'ఉచితం'. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారని వేళాకోళంగా అనడం మీరు వినే ఉంటారు. డబ్బు పెట్టనిదానికి విలువ ఉండదని కూడా అంటారు. ఈ మాటలు ఎంతవరకు నిజం? మీ జీవితాన్ని మలిచినవాటిని ఒక కాగితం మీద రాసి చూడండి. అమ్మ నేర్పిన భాష, మొదటి బడి, చేతికందిన మొదటి పుస్తకం వంటివి అందులో ఉంటాయి. మనలో చాలామంది వీటికి డబ్బు కట్టలేదు. అయితే ఎవరూ కట్టలేదా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

ఇందుకోసం మనం గుజరాత్ వెళ్దాం. సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలో జోల్వా అనే ఊరు ఉంది. సూరత్ శివార్లు దాటాక బట్టల పరిశ్రమ విస్తరించిన ప్రాంతమిది. బతుకుతెరువు కోసం ఎన్నో రాష్ట్రాల కార్మికులు ఇటువైపు వస్తారు. సూరత్‌లో మన తెలుగువారూ ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి నేత కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడికి వలస వెళ్లి మరమగ్గాల మీద పనిచేస్తున్నాయి.

ఇప్పుడు కొంచెం చరిత్రలోకి వెళ్దాం. స్వాతంత్ర్యానికి ముందు పల్సాణా తాలూకా బ్రిటిష్‌వారి ఏలుబడిలో లేదు. అది బరోడా సంస్థానంలోని నవసారి విభాగంలో ఉండేది. ఆ సంస్థానాన్ని 1875 నుంచి 1939 వరకు పాలించిన మూడవ సయాజీరావు గైక్వాడ్ 1893లో అమ్రేలీ ప్రాంతంలో ఉచిత నిర్బంధ విద్యను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాడు. 1906లో దాన్ని సంస్థానమంతటికీ విస్తరించాడు.

ఇందులో రెండు మాటలు గమనించండి. ఒకటి 'ఉచితం', రెండోది 'నిర్బంధం'. ఫీజు లేదన్నంత మాత్రాన పేదవాడి బిడ్డ బడికి రాడు. ఆ బిడ్డ పొలంలో చేసే పనికి కూలి వస్తుంది. బడికి పంపితే ఆ కూలి పోతుంది. అంటే ఉచితమైన బడికి కూడా పేదవాడు ఒక ధర చెల్లిస్తూనే ఉంటాడు. మధ్యాహ్న భోజనం విలువ ఇక్కడే తెలుస్తుంది. గుజరాత్‌లో ఈ పథకం 1984లో మొదలైంది. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

మిగతా దేశం సంగతేమిటి? బరోడాను ఉదాహరణగా చూపుతూ గోపాలకృష్ణ గోఖలే 1911లో కేంద్ర శాసనమండలిలో ప్రాథమిక విద్య బిల్లు ప్రవేశపెట్టారు. అది నెగ్గలేదు. రాజ్యాంగం అమలులోకి వచ్చిన పదేళ్లలో 14 ఏళ్లలోపు పిల్లలందరికీ ఉచిత విద్య అందించే ప్రయత్నం చేయాలని 45వ అధికరణం చెప్పింది. 2002లో 86వ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుగా మార్చింది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఒక సంస్థానం 1906లో చేసిన పని దేశమంతటా చట్టం కావడానికి 104 ఏళ్లు పట్టింది. మనకు ఊరికే దొరికిందనుకునేదాని వెనుక ఇంత శ్రమ ఉంది.

బడి తరువాత పుస్తకం. సయాజీరావు 1910లో అమెరికా నుంచి విలియం బోర్డెన్ అనే గ్రంథాలయ నిపుణుణ్ణి రప్పించాడు. ఊరూరా ఉచిత గ్రంథాలయాలు వెలిశాయి. పుస్తకాలను పెట్టెల్లో సర్ది పల్లెలకు పంపేవారు. తెలుగునాట ఈ పనిని ప్రజలే భుజాన వేసుకున్నారు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం ఏర్పడ్డాయి. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవ మీద కాలువ ఒడ్డు ఊళ్లకు చేర్చారు. బరోడాలో రాజు చేసిన పనిని ఇక్కడ చందాలతో సామాన్యులు చేశారు.

ఇక మూడోది భాష. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ బడులతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాల్లో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం ఉద్దేశమూ ఇదే. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించాలి. సూరత్‌లో మగ్గం నడిపే తండ్రి బిడ్డ 'అ, ఆ'లు దిద్దడానికి అక్కడి పన్నుల సొమ్ము ఖర్చయింది. ఆ పన్ను కట్టినవారిలో తెలుగు ఒక్క ముక్క కూడా రానివారే ఎక్కువ. ఇంతకంటే గొప్ప కానుక ఏముంటుంది?

కానీ ఆ బడులు నగరపాలక సంస్థవి. జోల్వా వంటి ఊరు నగర హద్దుకు వెలుపల ఉంది. హద్దుకు ఇవతల ఉన్న బిడ్డకు అందిన సౌకర్యం అవతల ఉన్న బిడ్డకు అందకపోవచ్చు. తండ్రి పని మారి ఇల్లు మారితే చదువు మధ్యలో ఆగిపోవచ్చు. ఈ ప్రమాదం సూరత్‌లోనే కాదు, భీవండిలోనూ హైదరాబాద్‌లోని ఇటుక బట్టీల దగ్గరా ఉంది.

అందుకే విద్యాహక్కు చట్టంలోని మూడు విషయాలు మీరు గుర్తుంచుకోవాలి. ఇవి 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తాయి. మొదటిది, చదువు మధ్యలో మానేసిన లేదా అసలు బడి ముఖం చూడని బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. రెండవది, బదిలీ ధ్రువపత్రం రావడం ఆలస్యమైందని ప్రవేశం నిరాకరించకూడదు. మూడవది, వయసు ధ్రువపత్రం లేదని కూడా నిరాకరించకూడదు. ఈ సంగతులు చాలామంది వలస తల్లిదండ్రులకు తెలియవు. తెలియని హక్కు లేనిదానితో సమానం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఉచితమంటే ధర లేనిదని కాదు, ఆ ధరను మన తరఫున ఇంకెవరో ముందే చెల్లించారని అర్థం. 1913లో డాక్టర్ అంబేద్కర్ బరోడా సంస్థానపు ఉపకారవేతనంతోనే కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆ సహాయం ఎంత పెద్ద ఫలమిచ్చిందో మీకు తెలుసు. చదివేవారు లేని గ్రంథాలయానికి తాళం పడుతుంది, పిల్లలు లేని బడి మూతపడుతుంది. కాబట్టి ఉచితంగా అందినదాన్ని వాడుకోవడమే దాన్ని నిలబెట్టడం.

చివరగా మీకు రెండు పనులు. మీ ఊరి గ్రంథాలయం ఎప్పుడు, ఎవరి విరాళంతో మొదలైందో కనుక్కుని ఒక పేజీ రాయండి. మీ వీధిలో, మీ ఊరి నిర్మాణ పనుల దగ్గర బడికి వెళ్లని పిల్లలు ఎవరైనా ఉన్నారేమో చూడండి. ఉంటే, ఈ రోజు తెలుసుకున్న మూడు విషయాలు వాళ్ల అమ్మానాన్నలకు చెప్పి, దగ్గరలోని బడికి దారి చూపించండి. ఆ పనికి మీకు పైసా ఖర్చు కాదు.